న్యాతి తప్పిన జాడ

వేటకు వచ్చినవాళ్ళని తవెంగ్వా ముందు కాళ్ళకేసి చూస్తాడు, ముఖాలు తర్వాత. ఇరవై రెండేళ్ళుగా జాంబెజీ లోయలో జంతువుల జాడలు పట్టి బతుకుతున్నవాడికి మనిషి సంగతి చెప్పడానికి బూట్లు చాలు. కొత్త బూట్లతో దిగినవాడు మూడో రోజుకల్లా పాదాలు బొబ్బలెక్కి జీపు దిగనంటాడు. బూట్లకి మెరుగు పెట్టుకుని వచ్చినవాడు దున్న ఎదురుపడగానే ముందు తనకి అడ్డం నిలబడేవాడెవడా అని వెతుక్కుంటాడు. ఆ సెప్టెంబరులో క్యాంపు ముందు జీపు ఆగి ఒక ముసలాయన, ముసలావిడ దిగినప్పుడు అతనికి కనబడినవి రెండు జతల పాత బూట్లు. ఆవిడవి మరీ పాతవి. మడమలు రెండూ ఏ పక్కకీ ఒరక్కుండా సమంగా అరిగి ఉన్నాయి.

"ఈవిడ నడుస్తుంది," అన్నాడు పక్కనున్న జైరోసితో.

జైరోసి అతని అక్క కొడుకు. ముప్పై అయిదేళ్ళవాడు, అతని వెంట రెండో మనిషిగా జాడలు పడతాడు. సెకురూని, అంటే మేనమామని, ఆటపట్టించడం మేనల్లుడి హక్కు. జైరోసి ఆ హక్కుని ఒక్క పూట కూడా వదులుకునే రకం కాదు.

"నడుస్తుంది సెకురూ, గుడారంలోంచి వంట పాక దాకా. రేపట్నించి అంబుయాకి కుర్చీ మోసే పని నీదే."

అంబుయా అంటే వాళ్ళ భాషలో అవ్వ. వచ్చినవాళ్ళు బారెండ్, హెటీ. దక్షిణాఫ్రికాలో, లెసోతో కొండల అంచున గొర్రెలు పెంచుకునే, డచ్చి సంతతి బోయర్ దంపతులు. ఆయనకి అరవై ఏడు, ఆవిడకి అరవై మూడు. పెళ్ళయి నలభై ఏళ్ళు నిండాయని ఈ ప్రయాణం పెట్టుకున్నారు. సముద్రానికి వెళదామా, దున్న వేటకి వెళదామా అని ఆయన అడిగితే, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడని ఆవిడ, "సముద్రం ఎక్కడికీ పోదు, నీ మోకాళ్ళే పోతాయి. ముందు దున్న సంగతి చూడు," అందట. ఆ మాట బారెండ్ మొదటి సాయంత్రమే అందరికీ చెప్పి తనే నవ్వాడు.

వేట నడిపించే లైసెన్సు ఉన్నవాడు న్హారి. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. మర్నాడు పొద్దున్నే బారెండ్ చేత చెట్టుకి అంటించిన కాగితం మీద తుపాకీ పేల్పించాడు. మూడు తూటాలూ అరచేతంత మేరలో దిగాయి.

"బాగుంది," అన్నాడు న్హారి. "కానీ కాగితం తిరగబడి పొడవదు."

"మా ఇంట్లో ఈవిడ రాసే సరుకుల చీటీ పొడుస్తుంది," అన్నాడు బారెండ్ భార్య వైపు చూసి.

హెటీ తుపాకీ ముట్టుకోలేదు. మెళ్ళో దుర్భిణీ, భుజాన నీళ్ళ సీసా, చేతిలో కర్ర. అంతే ఆవిడ సరంజామా.

వాళ్ళ అనుమతి ఒకే ఒక దున్నకి. అదీ ముసలిది, మంద విడిచి ఒంటరిగానో రెండు మూడు తోటి ముసలివాటితోనో తిరిగేది అయ్యుండాలి. అలాంటివి సులువుగా దొరకవు. దొరికినా నిలవవు. మొదటి అయిదు రోజులూ తెల్లారకముందే బయల్దేరడం, నీటి గుంటల దగ్గర జాడ అందుకోవడం, ఎండ నడినెత్తికి వచ్చేదాకా మోపానే చెట్ల మధ్య దాని వెంట నడవడం. ఆ చెట్ల ఎండుటాకులు కాలు పెడితే అప్పడాల్లా విరుగుతాయి. రెండుసార్లు దున్నల దగ్గరిదాకా వెళ్ళారు. రెండుసార్లూ గాలి తిరిగింది, అవి ముట్టెలు పైకెత్తి వాసన పట్టి, పొదలు విరుచుకుంటూ పోయాయి. చెమట వాసనకి ముసిరిన ఈగలు చొక్కా మీంచి కూడా కుట్టాయి.

వేరేవాళ్ళయితే మూడో రోజుకి గొణగడం మొదలెట్టేవాళ్ళు. ఈ ఇద్దరూ గొణగలేదు. ఒకళ్ళనొకళ్ళు మాత్రం వదల్లేదు.

"రాత్రి నీ గురకకి దున్నలన్నీ మొజాంబిక్ దాటేశాయి," అంది హెటీ.

"అక్కడివి నువ్వు ఎండలో ఆరేసిన మేజోళ్ళ వాసనకి ఇటు వస్తాయిలే," అన్నాడు బారెండ్.

తవెంగ్వా వయసులో ఉండగా మూడేళ్ళు జోహన్నెస్‌బర్గ్ గనుల్లో పనిచేశాడు. అక్కడ సోతో భాష పట్టుబడింది. హెటీకి ఆ భాష ఉగ్గుపాలతో వచ్చింది. రెండో రోజు నడకలో ఆగినప్పుడు, ఆవిడ కర్ర పక్కన పెట్టి, దున్న పేడ ముందు గొంతుక్కూర్చుని, వేలు అందులో గుచ్చి చూసి సోతోలో, అయ్యా అని మర్యాదగా పిలుస్తూ, అడిగింది.

"లోపల ఇంకా వెచ్చగానే ఉంది న్తాతే. కానీ పైన చీమలు పట్టాయి. మీ ఎండకి ఎంతసేపటిదని లెక్క?"

తవెంగ్వా చెప్పాడు. ఆవిడ తల ఊపి, చేతిని ఇసకతో రుద్దుకుని లేచింది.

"ఇవన్నీ మీకెలా తెలుసు అంబుయా?" అని అడిగాడు.

"నక్కలు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతే ఎవరు వెతకాలి? దొంగలు మందని కొండలకి తోలుకుపోతే ఎవరు వెంటపడాలి? ఆయన కంచె బాగుచేస్తాడు, నేను జాడ తీస్తాను. మా ఇంట్లో పనులు అలా పంచుకున్నాం."

ఆ సంగతి తవెంగ్వా జైరోసికి చెప్పలేదు. చెబితే వాడు పొద్దుగూకేదాకా దాన్నే నములుతాడు.

ఆరో రోజు ఒక గుంట ఒడ్డున, తడి మట్టిలో మూడు జాడలు దొరికాయి. మూడూ ముసలి మగవే. ఒకదాని డెక్క మిగతావాటికన్నా వెడల్పు, అంచులు అరిగి గుండ్రంగా ఉంది. నీళ్ళు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. తవెంగ్వా నడుముకి కట్టుకున్న చిన్న బూడిద మూట తీసి దులిపాడు. బూడిద వాళ్ళ ముఖాల మీదికే వచ్చింది. గాలి అనుకూలం.

పది గంటలకి అవి కనబడ్డాయి. ఒళ్ళంతా ఎండిన బురదతో, రాతి గుండ్లలాగా చెట్ల నీడలో నిలబడి ఉన్నాయి. అన్నిటికన్నా ముసలిదాని కొమ్ములు నుదుటి మీద కలిసిపోయి, దెబ్బలు తిన్న గుమ్మంలా ఉన్నాయి. నలుగురు మగవాళ్ళు, వాళ్ళ వెనక హెటీ, మోకాళ్ళ మీద పాకుతూ అరవై అడుగుల దూరానికి చేరారు. జైరోసి మూడు కాళ్ళ కర్రని నిలబెట్టాడు. బారెండ్ దాని మీద తుపాకీ ఆనించాడు. ముసలిది పక్కకి తిరిగి ఉంది. భుజం స్పష్టంగా కనిపిస్తోంది.

ఆయన మీట నొక్కిన క్షణంలోనే అది ఒక అడుగు ముందుకు వేసింది.

మోత అణిగేసరికి అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఇలాంటప్పుడు వేటగాళ్ళు అనే మాట ఒకటే. గుండెలోకి దిగింది, ఎక్కడో పడి ఉంటుంది అంటారు. తవెంగ్వా ఇరవై రెండేళ్ళుగా అదే విన్నాడు. బారెండ్ తుపాకీలో ఇంకో తూటా ఎక్కించి, న్హారి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు.

"వెనక్కి తగిలింది. డొక్కలో. అది కదిలింది నిజమే, కానీ నేను ఆగాల్సింది. తప్పు నాది."

ఆ మాటతో తవెంగ్వాకి ఆయన మీద గౌరవం కలిగింది. తప్పుని దున్న మీదకో గాలి మీదకో తోసేసేవాళ్ళని చూసి చూసి విసిగి ఉన్నాడు.

అరగంట ఆగారు. దెబ్బతిన్నదాని వెంట వెంటనే పడితే అది పరుగాపదు. తర్వాత న్హారి తుపాకీ అందుకుని, "మీరిద్దరూ ఇక్కడే ఉండండి. మేం వెళ్ళి పని పూర్తిచేసి వస్తాం. పొదల్లో దెబ్బతిన్న దున్న అంటే మాటలు కాదు," అన్నాడు.

"నేను గాయపరిచినదాన్ని ఇంకొకరు చంపడం మా ఇంటావంటా లేదు," అన్నాడు బారెండ్. "నేను వస్తున్నా."

"అయితే అంబుయా ఇక్కడుంటారు."

"ఒక్కదాన్నే చెట్టు కింద కూర్చుంటా, అది తిరిగి ఇటే వస్తే?" అంది హెటీ. "అప్పుడు పూచీ ఎవరిది నాయనా?"

న్హారి ఆవిడని తమ వెనకే నడవమన్నట్టు చెయ్యి ఊపాడు. అయిదుగురూ కదిలారు.

నెత్తురు చిక్కగా, నల్లగా ఉంది. కార్జంలో తగిలిందన్నమాట. చస్తుంది, కానీ వెంటనే కాదు. ఈలోపు తనతోపాటు ఇంకొకణ్ణి తీసుకుపోవడానికి దానికి బోలెడు సమయం ఉంది. ముందు తవెంగ్వా, అతనికి కాస్త కుడిగా న్హారి, ఎడమగా బారెండ్, వెనక హెటీ, అందరికన్నా వెనక జైరోసి. పొదలు చిక్కబడ్డాయి. ముళ్ళు చొక్కాల్ని పట్టి లాగాయి. పావుగంట నడిచాక నెత్తురు చుక్కలు పలచబడి, ఆకు మీద ఒకటి, గడ్డి మీద ఒకటి అయి, చివరికి ఆగిపోయాయి. లోపలి కొవ్వు గాయాన్ని మూసేసి ఉంటుంది.

అక్కడ నేల గులకరాళ్ళ మయం. మూడు దున్నలూ కలిసే వెళ్ళాయి. తవెంగ్వా ముందుకు వంగి, రాళ్ళ మధ్య దుమ్ములో వెడల్పు డెక్కని వెతికి పట్టుకున్నాడు. పెద్ద డెక్క పెద్ద దున్నది. దాని వెంట సాగాడు. రెండు వందల అడుగులు వెళ్ళారు.

వెనకనించి కర్ర కొస అతని భుజానికి తగిలింది. తిరిగి చూస్తే హెటీ. ఆవిడ పెదవులు అతని చెవికి దగ్గరగా వచ్చాయి.

"ఇది మనది కాదు న్తాతే."

"డెక్క చూడండి అంబుయా, వెడల్పు."

"వెడల్పే. కానీ వెనక డెక్క ముందు డెక్క పడిన చోటే పడుతోంది. ఒంట్లో బాగున్నది అలా నడుస్తుంది. కడుపులో నొప్పి ఉన్న గొర్రె వెనక కాలు పూర్తిగా చాపలేదు. ముందు డెక్కకి నాలుగు వేళ్ళు వెనకే దించుతుంది. ఆ రాళ్ళ దాకా అలాంటి జాడ ఒకటి ఉంది. డెక్క చిన్నది. రాళ్ళ తర్వాత అది లేదు."

తవెంగ్వాకి చెవులు వేడెక్కాయి. వెడల్పు డెక్క ముసలిదానిదేనని పొద్దున గుంట ఒడ్డున తనే తేల్చేసుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ అనుమానించనే లేదు. కళ్ళ ముందున్న నేలని చూడటం మానేసి, తన తలలో ఉన్న దున్న వెంట నడిచాడు. వంగి చూశాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

"ఏమైంది?" అని న్హారి పెదవులు కదిపాడు.

"జాడ తప్పాను," అన్నాడు తవెంగ్వా. దాచుకోలేదు. "అంబుయా పట్టుకున్నారు. వెనక్కి పోవాలి."

వెనక్కి పోవాలి అన్నాక అందరికీ ఒకేసారి అర్థమైంది. అది రాళ్ళ దగ్గర విడిపోయింది. అంటే ముందుకు పోలేదు. అర్ధచంద్రంలా చుట్టి వచ్చి, తన జాడ పక్కనే ఏ పొదలోనో నిలబడి, వెంటపడేవాళ్ళు దాటిపోయే దాకా ఆగి ఉంటుంది. వాళ్ళు ఇందాకే దాన్ని దాటివచ్చారు. ఇంకో వంద అడుగులు ముందుకి నడిచి ఉంటే అది వెనకనుంచి, అందరికన్నా చివరి మనిషి మీదికి వచ్చేది. జైరోసి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేనమామని ఆటపట్టించే మాట ఒక్కటీ తట్టలేదు వాడికి.

వచ్చిన దారినే, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ నడిచారు. రాళ్ళకి నలభై అడుగుల ఇవతల తవెంగ్వాకి బోర్లాపడిన ఒక గులకరాయి కనబడింది. తడి అంటిన కింది వైపు పైకి తిరిగి ఉంది. అతను చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే పొద పగిలింది.

దున్న తల దించుకుని రాదు. ముట్టె ముందుకి చాచి, కళ్ళు మనిషి మీదే పెట్టి వస్తుంది, చివరి క్షణంలోనే కొమ్ములు దించుతుంది. ముప్పై అడుగులు. న్హారి తుపాకీ లేచింది, కానీ అతనికీ దున్నకీ మధ్య తవెంగ్వా ఉన్నాడు. చేతిలో ఆయుధం లేని తవెంగ్వా.

"కిందపడు!"

సోతోలో హెటీ గొంతు అది. గొర్రెల కుక్కని లోయ అవతలినుంచి ఆపే గొంతు. తవెంగ్వా ఆలోచించలేదు. కాళ్ళు తీసేసినట్టు నేలకి కరుచుకున్నాడు. పడుతూ ఓరకంట చూశాడు. ఎడమ పక్కనించి బారెండ్ ఒక అడుగు వేశాడు. వెనక్కి కాదు, ముందుకి, తన పక్కకి. అరవై ఏడేళ్ళ మోకాళ్ళ మీద స్తంభంలా నిలబడి పేల్చాడు. ఆ వెంటనే న్హారి పేల్చాడు. రెండు మోతలూ ఒకటిగా వినిపించాయి.

దున్న ముందుకాళ్ళు మడుచుకుని, ఛాతీతో నేలని దున్నుకుంటూ వచ్చి ఆగింది. తర్వాత న్హారి కొలిచి చూస్తే, దాని ముట్టెకీ తవెంగ్వా తలకీ మధ్య తొమ్మిది అడుగులు. న్హారి చుట్టూ తిరిగి వెళ్ళి మెడలోకి ఇంకో తూటా కొట్టాడు. అది చివరిగా ఒకసారి రంకె వేసింది, దీర్ఘంగా, ఎవరినో పిలిచినట్టు. పొదల్లో పిట్టలన్నీ ఆగిపోయాయి.

బారెండ్ నిలబడ్డ చోటే కూలబడ్డాడు. హెటీ వచ్చి ఆయన చేతుల్లోంచి తుపాకీ తీసుకుని, తూటాలు దింపి, చెట్టుకి ఆనించింది. నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

"బాగా కొట్టావు," అంది. "మొదటిది కాదు. రెండోది."

"మొదటిది గుర్తు చేయకుండా ఉండలేవా?"

"ఇంకో నలభై ఏళ్ళు చేస్తా."

ఆయన నవ్వబోయి, ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. చుట్టూ ఉన్న ముగ్గురు మగవాళ్ళూ వేరే వైపు చూశారు.

తవెంగ్వా లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. దున్న తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలి పట్టిన చేతులతో మెల్లగా చప్పట్లు కొట్టాడు. అతని వంశం న్యాతి, అంటే దున్న వంశం. ఊళ్ళో అందరూ అతన్ని పిలిచేదీ ఆ పేరుతోనే. దున్న మాంసం అతను పుట్టాక ముట్టలేదు, ముడితే పళ్ళు రాలిపోతాయి. వంశం పొగడ్తలు వరసగా పలికాడు. కొమ్ములవాడా, నల్లని మేఘమా, పెద్దవాడా, నీ వెంట పడ్డందుకు మన్నించు, నీ ఒళ్ళు మా పిల్లల కడుపు నింపుతుంది అన్నాడు. అతను తలెత్తేసరికి పక్కన బారెండ్ టోపీ తీసి మోకాళ్ళ మీద ఉన్నాడు. పొగడ్తలు ఆయనకి రావు. చేతులు మాత్రం అతను పట్టినట్టే దోసిలి పట్టాడు.

సాయంత్రం నాలుగింటికి ఊళ్ళోంచి ఆడవాళ్ళు బేసిన్లతో, గోనెలతో వచ్చారు. ఆ ఏడాది వానలు సరిగా పడలేదు. చాలా ఇళ్ళలో మొక్కజొన్న సంకటి సద్జాతో పాటు నంజుకోవడానికి ఆకుకూర తప్ప ఏమీ లేదు. మాంసం ఇంటింటికీ పంచారు. తోలు, కొమ్ములు బారెండ్‌కి, మిగతాదంతా ఊరికి. ఒక ముసలావిడ హెటీ చెంపలు రెండు చేతులతో పట్టుకుని ఏదో అంది.

"ఏమంటోంది?" అని అడిగింది హెటీ.

"మీ ఆయన్ని మీరే పట్టుకొచ్చారా, మీ ఆయనే మిమ్మల్ని పట్టుకొచ్చాడా అని అడుగుతోంది," అన్నాడు జైరోసి.

"ఇంకా తేలలేదని చెప్పు."

క్యాంపులో అందరూ నిప్పుల మీద కాల్చిన మాంసం తింటుంటే తవెంగ్వా కాస్త ఎడంగా, కపెంటా ఎండుచేపలతో సద్జా ముద్ద తింటున్నాడు. జైరోసికి నోరు తిరిగి వచ్చింది, అదీ అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో.

"ఇవాళ సెకురూ తన చిన్నాన్నని వదిలేసి పెదనాన్న వెంట పోయాడు. బంధువుల్ని గుర్తుపట్టడం కూడా మర్చిపోయాడు, ముసలితనం."

తవెంగ్వా ఇంకో చేప తుంచుకున్నాడు. హెటీ తన పళ్ళెం తెచ్చుకుని అతనికి ఎదురుగా, నేల మీద కూర్చుంది. పళ్ళెంలో మాంసం లేదు, అతను తినేదే ఉంది.

"ఇలాంటి మాట ఒకటి మా ఆయన నాకూ రోజూ వినిపిస్తాడు. ఒకసారి దొంగల వెంట రెండు రోజులు తిరిగి, ఎవరి గొర్రెల్నో పట్టుకొచ్చాను. పక్క కమతం వాడివి. వాడు పోలీసుల్ని తీసుకొచ్చాడు."

తవెంగ్వా నవ్వాడు. ఆ రోజు అతను నవ్వడం అదే మొదలు. తర్వాత ఇద్దరూ, పొద్దు ఎర్రబడి దిగిపోయేదాకా, గొర్రె అడుగుకీ మేక అడుగుకీ తేడా ఎక్కడ పట్టుకోవాలో, మగ చిరుతా ఆడ చిరుతా మడమ దగ్గర ఎలా తేలతాయో వేలితో బూడిదలో గీసుకుంటూ కూర్చున్నారు. బారెండ్ కుర్చీలోనే నిద్రపోయాడు. గురక మొజాంబిక్ దాకా వినబడి ఉంటుంది.

రెండు రోజుల తర్వాత వాళ్ళని జీపు ఎక్కించి, తవెంగ్వా ఆరు మైళ్ళు నడిచి ఇంటికి వెళ్ళాడు. అతని భార్యని అందరూ మాయ్ చెనాయ్ అంటారు, పెద్ద కూతురు చెనాయ్ పేరు మీద. ఆవిడ మొక్కజొన్న దంచుతోంది. అతను రోలు పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు, తను జాడ తప్పిన సంగతితో సహా. ఆ బోయర్ ఆవిడ కళ్ళు ఎలాంటివో, నాలుగు వేళ్ళ ఎడంలో ప్రాణాలు ఎలా కాపాడిందో, చెప్పిందే చెప్పాడు. ఇలాంటి ఆడమనిషిని పుట్టాక చూడలేదన్నాడు.

మాయ్ చెనాయ్ రోకలి ఆపలేదు.

"ముప్పై ఏళ్ళుగా వాకిట్లో నీ అడుగులు చూసి, ఏ ఇంట్లో ఎన్ని చిప్పల సారా తాగొచ్చావో చెబుతున్నా," అంది. "ఎడమ కాలు ఈడిస్తే మూడు చిప్పలు. రెండు కాళ్ళూ ఈడిస్తే మీ అక్క ఇంటినుంచి. ఒక్కసారైనా తప్పానా?"

తవెంగ్వా ఆలోచించాడు. నిజమే, ఎప్పుడూ తప్పలేదు.

"తప్పలేదు," అని ఒప్పుకుని, లేచి ఆవిడ చేతిలోంచి రోకలి అందుకున్నాడు.